తెగని బెల్టుకు పెట్టే ఖర్చు

శీర్షిక చూసి, జీవితమంతా ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బ్రతికిన పంతులుకు మోటారు కార్లతో ఏమి పని అని మిత్రులు ఆశ్చర్యపోవచ్చును. నాకు కారు లేదు. నడపటం కూడా రాదు. అయినా కొంతకాలంగా విని, చదివి, కళ్లారా చూసిన మీదట ఒక విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. వేగం కోసం తయారైన కార్లలో చాలావాటికి ఇంజను ముందుభాగంలో టైమింగ్ బెల్టు అనే రబ్బరు పట్టీ ఉంటుంది. అది తెగితే ఇంజను లోపలి భాగాలు ఒకదానినొకటి కొట్టుకొని నాశనమవుతాయి. తెగకముందే మార్చుకొమ్మని చెప్పిన మెకానిక్‌ను మనం అనుమానంగా చూస్తాము. తెగిన తరువాత లక్షలు పుచ్చుకొని బాగుచేసినవాడికి మాత్రం చేతులెత్తి మొక్కుతాము. ఈ న్యాయం తలక్రిందులుగా ఉందన్నదే నా ఫిర్యాదు.

ఈ విద్యలో నాకు గురువులు ఇద్దరు. ఒకడు బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న నా పూర్వ విద్యార్థి. బడిలో సంధులు అంతగా పట్టుబడలేదు గానీ, ఇంజనులో ఏది దేనితో కలవాలో ఏది కలవరాదో నాకన్న బాగా ఎరుగును. రెండవవాడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. పాత స్పోర్ట్స్ కార్లంటే వాడికి వల్లమాలిన మక్కువ.

పండితుణ్ణి గనుక మొదట పేరు సంగతి చూశాను. టైమింగ్ బెల్టును తెలుగులో ఏమందాము? ‘కాలపట్టీ’ అంటే పంచాంగం గుర్తుకు వస్తుంది. ‘తాళపట్టీ’ అంటే తలుపుకు వేసే తాళం అనుకుంటారు. నా శిష్యుడి షెడ్డులో చిన్న కుర్రవాడి నుంచి పెద్ద మేస్త్రీ వరకూ అందరూ ‘టైమింగ్ బెల్టు’ అనే అంటారు. వాడుకలో నిలిచిన మాటను పెరికి వేరొకటి నాటడం నా ఉద్దేశం కాదు. బెల్టు అనగానే మన ప్రాంతంలో కొందరికి వేరే షాపులు గుర్తుకు వస్తే దానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఇక దాని పని. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ నాలుగు పనులు చేస్తుంది. గాలినీ ఇంధనాన్నీ పీల్చుకుంటుంది, నొక్కుతుంది, మండిస్తుంది, మిగిలిన పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రింద పిస్టన్లు త్రిప్పే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి, రెంటికి ఒకటి అనే నిష్పత్తి క్షణమైనా తప్పకుండా చూసేదే టైమింగ్ బెల్టు. పట్టీ లోపలివైపు పళ్లుంటాయి. అవి పళ్లచక్రాల గాళ్లలో కూర్చుంటాయి గనుక మామూలు బెల్టు లాగ జారదు.

ఎంత వేగంతో ఈ లెక్క నడవాలో చూడండి. ఫెరారీ ఎఫ్355 అనే కారు 1994లో వచ్చింది. మూడున్నర లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, ఒక్కొక్కదానికి ఐదేసి చొప్పున నలభై వాల్వులు. నిమిషానికి 8500 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే ఆ గరిష్ఠ వేగంలో క్రాంక్‌షాఫ్టు సెకనుకు సుమారు 142 చుట్లు, క్యామ్‌షాఫ్టు సుమారు 71 చుట్లు. ఒక్కొక్క వాల్వు సెకనుకు 71 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. నలభై వాల్వులకూ కలిపి లెక్కిస్తే సెకనుకు 2800 సార్లకు పైగా. మనం ‘రామ’ అని పలికే లోపల వేయిసార్లు.

అంత దూరం పోనక్కరలేదు. గంటకు 60 కిలోమీటర్ల సగటున 60,000 కిలోమీటర్లు తిరిగిన మామూలు కారును తీసుకోండి. అది వెయ్యి గంటల ప్రయాణం. ఇంజను సగటున నిమిషానికి 2500 చుట్లు తిరిగిందనుకుంటే మొత్తం పదిహేను కోట్ల చుట్లు. అన్నింటిలోనూ బెల్టు ఒక్క పన్ను తప్పకూడదు. పద్యంలో గణభంగమైతే చదివేవాడి నోరు తడబడుతుంది, సభలో ఎవరో ఒకరు నవ్వుతారు, అంతటితో సరి. ఇక్కడ పన్ను తప్పితే ఇనుము ఇనుమును కొడుతుంది.

ఎందుకు కొడుతుందో తెలియాలంటే ఒక పోలిక చెప్పాలి. గదులు చాలని ఊళ్లలో ఒకే భవనంలో రెండు పూటల బడి నడిపేవాళ్లం. ఉదయం ఒక బడి, మధ్యాహ్నం మరొక బడి. గంట సరిగా కొట్టినంతకాలం రెండు బడులకూ ఆ గదులు సరిపోయేవి. గంట తప్పితే ఒకే బల్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చోబోయి కొట్టుకునేవారు. ఈ జాతి ఇంజనులోనూ అంతే. సిలిండరు పైభాగంలో ఉన్న కొద్దిపాటి ఖాళీలోకి ఒకసారి పిస్టను వస్తుంది, ఇంకొకసారి తెరుచుకున్న వాల్వు దిగుతుంది. వంతు తప్పనంతకాలం ఇద్దరికీ చోటుంది. బెల్టు తెగితే క్యామ్‌షాఫ్టు దాదాపు ఉన్నచోటనే ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరుచుకొనే ఉండిపోతాయి. క్రాంక్‌షాఫ్టు మాత్రం బరువు మీద, కారు ఊపు మీద ఇంకా తిరుగుతూ పిస్టన్లను పైకి పంపుతూనే ఉంటుంది.

అన్ని ఇంజన్లూ ఇలాంటివి కావు. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎమ్ఎక్స్-5 చిన్న స్పోర్ట్స్ కారే. దాని 1.6 లీటర్ల ఇంజనులో బెల్టు తెగితే కారు ఆగుతుంది, అంతే. క్రొత్త బెల్టు వేసుకొని ఇంటికి పోవచ్చును. పిస్టనుకూ వాల్వుకూ తగినంత ఎడం వదిలారు. కాని ఎక్కువ శక్తి పిండాలనుకున్నప్పుడు ఆ ఎడం తగ్గిపోతూ వస్తుంది. మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కాలంటే పైనున్న ఖాళీ చిన్నది కావాలి. గాలి ఎక్కువ పోవాలంటే వాల్వులు ఇంకా లోతుకు, ఇంకా ఎక్కువసేపు తెరుచుకోవాలి. కనుక కారు ఎంత చురుకైనదైతే బెల్టు మీద ఆధారం అంత ఎక్కువ, తెగినప్పుడు నష్టమూ అంత ఎక్కువ. శక్తిని గొప్పగా చాటే ప్రకటనలలో ఈ రెండవ సగం కనిపించదు.

ఈ పళ్లపట్టీ పుట్టింది కారులో కాదు. 1940లలో అమెరికాలో గిల్మర్ అనే సంస్థ, కుట్టుమిషనులో సూదికీ క్రింది బాబినుకూ వంతు తప్పకుండా ఉండటానికి దీనిని రూపొందించింది. ఈనాటికీ కొందరు మెకానిక్‌లు పళ్లబెల్టును గిల్మర్ బెల్టు అంటారు. రాశిగా తయారైన కార్లలో మొదట దీనిని వాడినది జర్మనీకి చెందిన గ్లాస్ 1004, 1962లో. 1966లో ఫియట్ 124 స్పోర్టు కారుకు ఆరేలియో లాంప్రెడి రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజనును బెల్టుతో నడిచేటట్టు చేశాడు. ఆయన అంతకుముందు ఫెరారీ ఇంజన్లను రూపొందించినవాడే. అప్పటిదాకా ఉన్న గొలుసుతో పోలిస్తే బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు, ఖరీదు తక్కువ. ఇవి నిజమైన సుగుణాలే. బెల్టును కనిపెట్టినవారిని నేను తప్పుపట్టడం లేదు. సుగుణాలతో పాటు ఆయుర్దాయమూ వచ్చిందని, ఆ సంగతిని కొన్నవాడికి గట్టిగా చెప్పవలసి ఉందని మాత్రమే నా మాట.

ఆయుర్దాయం రెండు విధాలుగా లెక్కిస్తారు. ఇన్ని కిలోమీటర్లు లేక ఇన్ని సంవత్సరాలు, ఏది ముందు వస్తే అది. ఈ వాక్యంలో రెండవ భాగాన్ని మన జనం చదవరు. “నా బండి తిరిగింది చాలా తక్కువండీ” అంటారు. రబ్బరుకు ముసలితనం తిరిగితేనే వస్తుందా? ఇంజను వేడికీ, గాలికీ అది మెల్లగా గట్టిపడుతుంది. లోపల గాజునూలు తీగలుంటాయి, బలమంతా వాటిదే. చిన్న పళ్లచక్రం చుట్టూ వంగి వంగి అవి అలసిపోతాయి. ఎక్కడో ఒక సీలు కారి నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పళ్లు ఊడుతాయి. స్పోర్ట్స్ కారు సంగతి మరీ విడ్డూరం. దానిని ముద్దుగా గుడ్డ కప్పి దాస్తారు, ఆదివారం ఒక్కసారి బయటికి తీస్తారు. మీటరు చూస్తే అంకెలు తక్కువ, బెల్టు చూస్తే పదేళ్లది. అలా దాచిన కారును ఒకనాడు హఠాత్తుగా ఏడు, ఎనిమిది వేల చుట్లకు పరుగెత్తిస్తారు.

తెగిన తరువాతి కథ నేను ఆటోనగర్‌లో దగ్గరుండి చూశాను. వచ్చినది ఒక టర్బో పెట్రోలు కారు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. యజమాని మర్యాదస్థుడు. హైవే మీద పోతుండగా ఏ హెచ్చరికా లేకుండా ఇంజను ఆగిపోయిందట. “ముందు రోజు దాకా గడియారంలా నడిచిందండీ” అని పదిసార్లు అన్నాడు. బెల్టు స్వభావమే అది. బ్రేకు అరిగితే కీచుమంటుంది, క్లచ్చు అరిగితే జారుతుంది, బెల్టు మాత్రం చాలాసార్లు చివరి క్షణం దాకా ఏమీ చెప్పదు.

నా శిష్యుడు మొదట అడిగిన ప్రశ్న ఒకటే. “ఆగాక మళ్లీ సెల్ఫు కొట్టారాండీ?”

“నాలుగైదుసార్లు కొట్టాను. గిర్రున తేలిగ్గా తిరిగింది గానీ అందుకోలేదు.”

శిష్యుడు నావైపు తిరిగి, “అదే మాస్టారూ గుర్తు. వాల్వులు మూసుకోకపోతే లోపల గాలి నిలవదు. గాలి నిలవకపోతే సెల్ఫుకు బరువుండదు. అలా తేలిగ్గా తిరిగిందంటే ఇంక తాళం ముట్టుకోకూడదు. కొట్టిన ప్రతిసారీ ఇంకో నాలుగు దెబ్బలు” అన్నాడు.

తరువాత జరిగినది ఓపికతో కూడిన పరీక్ష. స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రం గుండా సన్నని కెమెరా దించి పిస్టన్ల తలలు చూశారు. అర్ధచంద్రాకారపు గాట్లు కనిపించాయి. సిలిండరులోకి గాలి ఎక్కించి అది ఎటు తప్పించుకుంటున్నదో చెవి పెట్టి విన్నారు. గాలి లోనికి వచ్చే దారిలో ఈల వినబడితే ఇన్‌లెట్ వాల్వు, పొగగొట్టంలో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోలేదన్నమాట. ఆ తరువాత హెడ్డు దించారు. వాల్వులు బల్ల మీద వరుసగా పెడితే కొన్ని చూడగానే వంకర. కొన్ని తిన్నగానే కనిపించాయి. త్రిప్పి చూస్తే తల చక్రంలా కాక ఊగుతూ తిరిగింది. వెంట్రుకవాసి వంగినా అది పనికిరానిదే, సీటులో సరిగా కూర్చోదు. కొన్ని కార్లలో ఎగ్జాస్ట్ వాల్వుల కాడలు బోలుగా ఉండి లోపల సోడియం నింపి ఉంటుందట, వేడిని త్వరగా లాగటానికి. అటువంటివాటిని సుత్తితో సరిచేసి మళ్లీ వేద్దామనే ఆలోచన ఎవరికీ రాకూడదు.

అంతటితో అయిపోలేదు. వాల్వు వంగినప్పుడు అది కదిలే గైడు పగిలి ఉండవచ్చును, పిస్టనుకు చీలిక వచ్చి ఉండవచ్చును, కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండవచ్చును. అన్నీ కొలవాలి. క్రొత్త వాల్వులను సీట్లలో నూరి అతికేటట్టు చేయాలి. హెడ్డు అడుగుభాగం చదునుగా ఉన్నదో లేదో పరీక్షించాలి. క్రొత్త గాస్కెట్టు వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు ఒక క్రమంలో, విడతలు విడతలుగా టార్కు రెంచితో బిగించాలి. చాలా ఇంజన్లలో ఆ బోల్టులు ఒక్కసారికే పనికివస్తాయి. బిగించినప్పుడు సాగిపోతాయి గనుక. చివరికి క్రొత్త బెల్టు వేసి, గుర్తులు కలిపి, సెల్ఫు కొట్టకుండా ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే చేయి గ్రహిస్తుంది. సెల్ఫు మోటారు గ్రహించదు.

ఈ పనికి మూడు వారాలు పట్టింది. బెల్టు ఖరీదు వేలల్లో, బిల్లు లక్షల్లో. యజమాని చెల్లించి, శిష్యుడి రెండు చేతులూ పట్టుకొని కృతజ్ఞత చెప్పాడు. అతను వెళ్లాక శిష్యుడు అన్న మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది: “మాస్టారూ, ఇదే కారు క్రిందటేడు సర్వీసుకు వచ్చింది. బెల్టు మార్చుదామండీ అన్నాను. పని లేక చెబుతున్నావా అన్నారు.”

ఇప్పుడు మేనల్లుడి సంగతి చెప్పాలి. వాడు కొన్నది 1987 నాటి పోర్షే 944. ఆ కారు 1982 నుంచి 1991 దాకా తయారైంది. పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజను. అదురు తగ్గటానికి బ్యాలన్స్ షాఫ్టులు రెండున్నాయి. అందువల్ల పళ్లబెల్టులూ రెండు, ఒకటి క్యామ్‌షాఫ్టుకు, ఒకటి బ్యాలన్స్ షాఫ్టులకు. నీటి పంపును కూడా మొదటి బెల్టే త్రిప్పుతుంది. అక్కడి మెకానిక్ కారును చూడగానే, నడపకముందే రెండు బెల్టులూ, రోలర్లూ, నీటి పంపూ మార్చాలన్నాడట. వాడు మార్పించాడు. తరువాత పాత బెల్టును ఫోటో తీసి నాకు పంపి, ఫోను చేశాడు.

“మామయ్యా, బెల్టు చూశావా? ఒక్క చీలిక లేదు. అనవసరంగా మార్పించేశాడేమో అనిపిస్తోంది.”

“అది ఎప్పుడు వేసిన బెల్టురా?”

“తెలియదు. అమ్మినాయన దగ్గర రసీదులు లేవు.”

“అయితే నువ్వు డబ్బు పెట్టి కొన్నది బెల్టు కాదు, తేదీ. ఇంతకుముందు నీ కారుకు పుట్టినతేదీ లేదు. ఇప్పుడుంది.”

వాడు నవ్వాడు గానీ, వాడి సందేహం చిన్నది కాదు. తీసేసిన బెల్టు బాగుంటే డబ్బు వృథా అయినట్టే కదా అని ఎవరికైనా తోస్తుంది. ఈ తర్కం ప్రకారం బెల్టును సరిగ్గా తెగబోయే ముందు రోజున మార్చాలి. ఆ రోజు ఏదో చెప్పే జ్యోతిష్కుడు లేడు. వెనుకటి రబ్బరు పైకి బీటలు వేసి కొంతైనా తెలిపేది. ఇప్పటి మేలురకం రబ్బరు చాలాకాలం నునుపుగానే ఉంటుంది. లోపలి నూలు తెగుతున్నా పైకి తెలియదు. కనుక ‘చూడటానికి బాగుంది’ అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు. బాగున్నప్పుడే తీసివేయడం తప్ప వేరే మార్గం లేని వస్తువు ఇది. పాత బెల్టు బాగున్నదంటే మెకానిక్ మోసగించాడని కాదు, సమయానికి వచ్చామని అర్థం.

దీనికి రెండు ఆక్షేపణలున్నాయి. వాటిని దాటవేయడం న్యాయం కాదు.

మొదటిది, మెకానిక్‌లందరూ నిజాయితీపరులా అని. కారు. అవసరం లేనివి మార్చి బిల్లు పెంచేవారున్నారు. బెల్టుతో పాటు రోలర్లూ, టెన్షనరూ, నీటి పంపూ అంటే అనుమానం రావడం సహజమే. కాని కారణం వినాలి. బెల్టు తనంత తాను తెగేది కొన్నిసార్లే. టెన్షనరు బేరింగు బిగుసుకుపోయినా, నీటి పంపు పట్టేసినా అది బెల్టునే తెంపుతుంది. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలో 2007 దాకా వచ్చిన ఇంజనుకు బ్యాలన్స్ షాఫ్టుల చిన్న బెల్టు వేరే ఉంది. అది తెగి ముక్కలు పెద్ద బెల్టులో పడితే పెద్దదీ పోతుంది. అందుకే ఆ కార్లను పందేలకు తయారుచేసేవారు ఆ చిన్న బెల్టునే తీసివేసుకునేవారు. అన్నిటికీ మించి, అక్కడిదాకా విప్పడానికయ్యే కూలీయే పెద్ద ఖర్చు. ఒకసారి విప్పినప్పుడే అన్నీ మార్చడం పొదుపు. అనుమానమున్నవారు కంపెనీ ఇచ్చిన పట్టిక అడగవచ్చును, తీసిన పాత భాగాలు తమకిమ్మని అడగవచ్చును. ఈ రెండూ కొన్నవాడి హక్కులు. అనుమానానికి మందు అడగడమే గాని మానుకోవడం కాదు.

రెండవది, గొలుసు ఉండగా బెల్టెందుకని. ఫెరారీ చరిత్రే దీనికి సగం సమాధానం. ఎఫ్355లో బెల్టులు సీట్ల వెనుక గోడకు ఆనుకొని ఉన్నాయి. వాటిని మార్చాలంటే ఇంజను మొత్తం దించాలి. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనుక పలక తీసి మార్చే వీలు కల్పించారు. 2004లో ఎఫ్430 వచ్చేసరికి బెల్టునే వదిలి గొలుసు పెట్టారు. మంచిదే. కాని గొలుసు అమరత్వం పొందలేదు. అది సాగుతుంది, దానిని పట్టివుంచే ప్లాస్టిక్ గైడ్లు విరుగుతాయి, నూనె సమయానికి మార్చకపోతే త్వరగా అరుగుతుంది. నూనెలోనే తిరిగే బెల్టులు కూడా వచ్చాయి. వాటి రబ్బరు రాలితే ఆ పొట్టు నూనె పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఏ పద్ధతిలోనైనా వంతు తప్పకుండా చూసే వస్తువుకు ఒక వయస్సు ఉంది. తేడా అల్లా, దానిని కొన్నవాడికి చెప్పారా లేదా అన్నదే.

మన దేశానికీ ఈ చర్చ పరాయిది కాదు. 2004లో స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ ఇక్కడికి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో ఇంజను, ఇరవై వాల్వులు, 150 అశ్వశక్తి. వేగం ఇష్టపడే కుర్రకారు ఆ కారును ఇప్పటికీ వెదికి కొంటున్నారు. దానిలోనూ టైమింగ్ బెల్టే, నీటి పంపును త్రిప్పేదీ అదే. ఆ కార్లకిప్పుడు ఇరవై ఏళ్లు పైబడుతున్నాయి. ఎందరు చేతులు మారాయో, ఏ చేతిలో బెల్టు మారిందో కాగితం లేకుండా ఎవరు చెప్పగలరు? పాత కారు కొనేవారు మీటరు అంకె చూస్తారు, రంగు చూస్తారు, టైర్లు చూస్తారు. బెల్టు రసీదు అడిగేవారు అరుదని నా శిష్యుడు అంటాడు.

కనుక నా కోరికలు నాలుగు. బెల్టు మార్చిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె వ్రాసిన చీటీ ఇంజను దగ్గర అంటించాలి. కారు అమ్మేటప్పుడు ఆ రసీదు బండి కాగితాలతో పాటు చేతికివ్వాలి. రసీదు లేకపోతే బెల్టు ఎన్నడూ మార్చలేదనే లెక్కించి, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. వాడనిబండి అనే మాటను గొప్పగా కాక ప్రశ్నగా వినాలి. నాలుగవది తయారీదారులకు. వంద కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందో పెద్ద అక్షరాలలో వేస్తున్నారు కదా, బెల్టు తెగితే వాల్వులు వంగుతాయా లేదా, దానిని మార్చటానికి ఎన్ని గంటల పని అన్నది కూడా అదే పుటలో వేయండి. వేగం కోరి కొన్నవాడికి ఆ వేగం దేని మీద ఆధారపడి ఉన్నదో తెలుసుకొనే హక్కు ఉంది.

మిగిలినది మన స్వభావం. జరిగిన నష్టాన్ని పూడ్చినవాడి పని కంటికి కనిపిస్తుంది. జరగకుండా ఆపినవాడి పనికి ఆనవాలు ఉండదు. పరీక్షలో తప్పినవాణ్ణి గట్టెక్కించిన ట్యూషను మాస్టరుకు పేరు వస్తుంది. తప్పకుండా ఏడాది పొడుగునా చూసుకొన్న ఒకటవ తరగతి పంతులును ఎవరూ తలుచుకోరు. ఆ పంతుళ్లతో ముప్పై ఏళ్లకు పైగా కలిసి పనిచేసినవాణ్ణి గనుక ఈ మాట చెప్పగలను. మీ మెకానిక్ పట్టిక చూపించి, సమయమైంది, బెల్టు మారుద్దామని చెబితే, ఆ పాత బెల్టు ఎంత నిగనిగలాడుతున్నా సరే, మార్పించండి. బిల్లు చెల్లించేటప్పుడు, లక్షల మరమ్మతు చేసినవాడికి చెప్పే ధన్యవాదం అతనికీ చెప్పండి.